నిరోష నింపిన గడి

ముత్తయ్య పెద్దబిడ్డ నిరోష కానిస్టేబుల్ కావాలని పట్టిన పట్టు అంతా ఇంతా కాదు. రెండేండ్లు తెల్లారకముందే లేచి పోచారం చెరువు కట్ట మీద పరుగు తీసింది. మొదటిసారి ఎనిమిది వందల మీటర్లలో నాలుగు సెకన్లు ఆలస్యమై ఏడుస్తూ ఇంటికొచ్చింది. రెండోసారి పరుగూ నెగ్గింది, రాతపరీక్షా నెగ్గింది. జాబితాలో బిడ్డ పేరు వచ్చిందని, ఎవరితోనూ పెద్దగా మాట్లాడని ముత్తయ్య ఎల్లారెడ్డి బస్సులో కండక్టరుకు కూడా చెప్పాడు.

ఇక మిగిలింది అటెస్టేషన్ ఫారం. మన పుట్టుపూర్వోత్తరాలన్నీ మన చేత్తోనే నింపి ఇస్తే, పోలీసులు ఊరికొచ్చి విచారిస్తారు. అందులో ఒక గడి ఉంది. మీ మీద ఎప్పుడైనా కేసు అయిందా, కొట్టేసినా సరే, రాజీ అయినా సరే రాయాలి.

నిరోష పెన్ను అక్కడ ఆగింది. కేసు అయింది మరి! మూడేండ్ల కింద కాలువ నీళ్ల దగ్గర ముత్తయ్యకూ పక్క పొలం భీమేష్‌కూ కొట్లాటై, భీమేష్ ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాడు. ఫిర్యాదులు రాసే తీరు తెలిసిందే కదా, ఒకడు కొడితే ఇంటిల్లిపాదినీ ఎక్కిస్తారు, కేసుకు బలం ఉంటుందని! ఆ రోజు కామారెడ్డిలో కోచింగ్ క్లాసులో కూచున్న నిరోష పేరూ ఎక్కింది, చెల్లెలు సాయిలత పేరూ ఎక్కింది. చివరికి పెద్దమనుషులు నచ్చజెప్పి, ఎల్లారెడ్డి కోర్టులో లోక్ అదాలత్ నాడు రాజీ చేయించారు. రెండు ఇండ్లవాళ్లూ సంతకాలు పెట్టి, ఒకే హోటల్లో చాయ్ తాగి వచ్చారు.

"బాపు, గీడ ఏం రాయాలె?"

"కేసు ఏడున్నది బిడ్డా? ఇయ్యాల్టితోని ఖతం అని పెద్దమనుషులు అనలేదా? లేదనే రాయి" అన్నాడు ముత్తయ్య.

"రాజీ అయినా రాయాలెనంట."

"రాస్తే నౌకరి ఇస్తరా, పిచ్చిదానా! నా మాట ఇను."

తండ్రి మాట కాదనలేక 'లేదు' అని రాసింది.

విచారణలో కేసు బయటపడింది. ఎంపిక రద్దయిందని కాగితం వచ్చింది. నిరోష కామారెడ్డిలో పోలీసు ఆఫీసుకు పోయి కాళ్లా వేళ్లా పడింది. గుమాస్తా ఫైలు మూసి, "కేసున్నందుకు కాదమ్మా. నువ్వు గా దినం ఊళ్లెనే లేవు, రాజీ గూడ అయింది. రాసి ఉంటే పెద్దసార్లు చూసి ఇచ్చేటోళ్లేమో. దాచినవ్ గదా" అన్నాడు. చేతికందింది నోటికందలేదంటే ఇదే, ఇంకేం కావాలి!

ఇంటికొచ్చేసరికి ముత్తయ్య వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. "ఏమన్నరు బిడ్డా? గా కేసే ముంచిందా?"

ఆయన మొహం చూసి నిరోష నిజాన్ని గొంతులోనే మింగేసింది. "ఔ బాపు, గా కేసే."

ముత్తయ్య భీమేష్ ఏడు తరాలనూ తిట్టిపోశాడు. నిరోషకు మాత్రం బతుకు మీదే విరక్తి పుట్టింది. కంచం ముందు కూచుని ఊరికే లేచేది. ఇంట్లో ఎవరు పలకరించినా ఏడుపొచ్చేది.

కొన్ని నెలలకు, కొత్త పోలీసు నోటిఫికేషన్ వస్తుందని ఊళ్లో మాట పుట్టింది. సాయిలత కూడా పరుగుకు పోదామని అక్క బూట్లు వేసుకుంటుంటే ముత్తయ్య పక్కన కూచుని మెల్లగా చెప్తున్నాడు. "అక్క గతి చూసినవ్ గదా. గా కేసు ముచ్చట ఏ కాయితం మీద ఎత్తకు. ఠాణల నేను మాట్లాడుత. నువ్వు మాత్రం లేదనే రాయి."

వంటింట్లో ఉన్న నిరోష ఆ మాట వింది. పరుగున బయటికొచ్చింది.

"అట్ల చెప్పకు బాపు! దాన్ని రాయనియ్యి. నా నౌకరి కేసుతోని పోలే. లేదని రాసినందుకు పోయింది."

ముత్తయ్య లేచి నిలబడ్డాడు. "అంటే... నేను చెప్పినందుకేనా బిడ్డా?" అన్నాడు.

కాదని ఒక్క మాట అంటే చాలు ఆయనకు. నిరోషకు ఆ మాట నోట రాలేదు.