ఇరవై నాలుగు ఆయుధాలు నేలకు దించిన రోజు

మా ముత్తాత తండ్రి జఫర్‌గఢ్ దగ్గరి ఒక జాగీరులో సిలాఖానా దరోగా. సిలాఖానా అంటే ఆయుధాలు భద్రపరిచే ఇల్లు, దరోగా దాని పెద్ద. దాని తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేదని, స్నానానికి కూడా విప్పేవాడు కాదని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా ముత్తాత రెండు ఊళ్ళ శిస్తు గుత్తకు తీసుకున్న మక్తేదారు. ఆయన ఎదురైతే గుర్రం మీద వెళ్ళేవాళ్ళు దిగి నడిచేవారు. మా తాత మాలీపటేలు. శిస్తు ఆయన చేతి మీదుగా వసూలయ్యేది, ఊరి తగవులు ఆయన అరుగు మీద తెగేవి. మా నాన్నకు పదవి లేదు కానీ బజారులో నడిస్తే కూర్చున్నవాళ్ళు లేచేవారు. నేను మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు కళాశాల గ్రంథాలయం చూస్తున్నాను. నన్ను చూసి ఎవరూ లేవరు. అందుకు నాకు ఫిర్యాదు లేదు. నడుం వంచి నడవడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు.

ఒక కంప్యూటర్ ఆట గురించి రాయబోతూ ఇదంతా ఎందుకంటే, ఆ ఆటలో నేను చేసిన తప్పు ఇంకో ఇంటివాడు చేసి ఉండడు.

మాకు ఒక్కతే అమ్మాయి. భూపాలపల్లిలో బొగ్గు గనుల సర్వే పని. అక్కడ మరో ఇద్దరమ్మాయిలతో ఒకే గదిలో ఉంటుంది కనుక తన పెద్ద కంప్యూటరును మా దగ్గరే వదిలి వెళ్ళింది. వెళ్ళేముందు ఒక ఆదివారం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను మూడేళ్ళుగా ఆడుతున్న ఆట చూపించింది. ఆకాశంలో తిరిగే ఓడ ఒకటి, అందులో ఒక సైనికురాలు. ఒక్కో గ్రహం మీద దిగి, అక్కడివాళ్ళు అడిగిన పనులు చేసిపెట్టి, అడ్డం వచ్చినవాళ్ళతో పోరాడి, ఆయుధాలు కూడబెట్టుకుంటూ పోతుంది. నవల చదివినట్టే ఉంటుంది, కాకపోతే తరువాతి పేజీలో ఏం జరగాలో మనమే తేల్చుకోవాలి.

కాలేజీ నుంచి వచ్చి ఊరికే కూర్చునే బదులు ఆడుకోమంది. ఆఖరి పోరాటం ఒక్కటి తనకు ఉంచాలట, దసరాకు వచ్చి ఆడుతుందట. తరువాత తెర మీద నీలం వెలుగున్న పొడవాటి తుపాకిని చూపించింది. రెండో గ్రహంలో ఒక ముసలావిడ ప్రాణం పోయే ముందు దాన్ని ఇస్తుంది. ఒక్కసారే ఇస్తుంది. చివరి శత్రువు మీద పనిచేసేది అదొక్కటే.

"గిది జర పైలం బాపు. గిది పోతె మల్ల మొదటికెళ్ళి ఆడాలె, మూడేండ్లు."

"మనింట్ల అప్పజెప్పిన వస్తువు పోయిందని ఎన్నడన్న విన్నవా?" అన్నాను.

ఆ సైనికురాలు పది ఆయుధాలే మోయగలదు. తెర కుడిపక్క పది గళ్ళు ఉంటాయి. పదకొండోది దొరికితే, ఉన్నవాటిలో ఒకటి వదలాలి. లేదా ఏదో ఒక మజిలీలో దుకాణం కనిపిస్తే అమ్ముకోవాలి. మా అమ్మాయి అలాగే ఆడింది, ఆట తీరే అది. నాకు చేతకాలేదు. ఓడిపోయినవాడి పక్కన మంచి తుపాకి పడి ఉంటే, దాన్ని తీసుకోవడానికి నా దగ్గరున్నదాన్ని మట్టిలో పారేయలేను, అంగడివాడి ముందు పెట్టలేను. మొదటి నెలంతా దొరికినవాటిని చూసి ముఖం తిప్పుకుని నడిచాను.

తరువాత ఒక మజిలీలో కమ్మరి పని చేసే ఆడమనిషి కనిపించింది. కాంతి చచ్చిన ఒక గ్రహం నుంచి ఫలానా లోహం, ఫలానా మృగం తోలు తెచ్చి ఇస్తే ఆమె సైనికురాలి వీపు పట్టీలు విప్పి మరో రెండు ఆయుధాలకు చోటు కుడుతుంది. పది పన్నెండవుతుంది. మళ్ళీ తెస్తే పద్నాలుగు. ప్రతిసారీ ఆ లోహం ముందటికంటే దూరంలో, ముందటికంటే చెడ్డచోట ఉంటుంది. ఏడుసార్లకు మించి కుట్టదు. ఏడుసార్లూ కుట్టించాలని నిశ్చయించుకున్నాను.

ఆ వానాకాలమంతా కాలేజీ నుంచి రాగానే చెప్పులు విడిచి కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. నాకు గురి లేదు. వేళ్ళు మొద్దు. అదే లోయలో అదే మృగం చేతిలో ఎన్నిసార్లు చచ్చానో చెప్పుకోవడం మర్యాద కాదు. మా ఇల్లాలు చాయ్ తెచ్చి పక్కన పెట్టి, "దొరవారు ఇయ్యాల ఏ గ్రహానికి దౌరా పోతున్నరు?" అని అడిగేది. నేను జవాబిస్తే ఇంకోటి అంటుందని ఊరుకునేవాణ్ణి. ఊరుకున్నా అనేది.

పదహారు గళ్ళయ్యాయని ఫోన్లో చెబితే మా అమ్మాయి నమ్మలేదు. మూడేళ్ళలో తను ఒక్కసారి కూడా కుట్టించలేదట. అంత అవసరం ఎవరికీ రాదట.

"కాల్చేది ఒక్కదాంతోనే గదా బాపు. గన్ని ఏం జేస్కుంటవ్?"

"కాల్చెతందుకు గాదు బిడ్డా. ఉండాలె."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. బతుకమ్మ పండుగ మొదలయ్యేనాటికి ఇరవై నాలుగు గళ్ళూ కుట్టించాను, ఇరవై నాలుగూ నింపాను. ఒక్కటీ అమ్మలేదు, ఒక్కటీ పారేయలేదు. ఆ సాయంత్రం పై నుంచి కింది దాకా ఒక్కొక్కదాని పేరు పైకి చదివాను. వంటింట్లోంచి మా ఇల్లాలు ఎవరితో మాట్లాడుతున్నానని అడిగింది.

దసరా నాడు ఆయుధాలకు పూజ చేయడం అందరిళ్ళలోనూ ఉన్నదే. మా ఇంటి ఆచారం కొంచెం వేరు. ఆయుధాన్ని గోడకు గానీ ఒంటికి గానీ ఉంచి పూజ చేయకూడదు. ఆకాశం కింద, తూర్పు ముఖంగా, వరుసలో నేలకు దించాలి. ఒకసారి దించాక మరునాడు పొద్దు పొడిచేదాకా ఎత్తకూడదు. ఏడాదంతా మనల్ని కాచినందుకు ఆ ఒక్కపూట దానికి సెలవు. ఇప్పుడు మా ఇంట్లో కత్తిపీట, కొడవలి, నా స్కూటరు తప్ప ఏమీ లేవు. చాలా ఏళ్ళుగా వాటికే బొట్టు పెడుతున్నాం. స్కూటరుకు కూడా మరునాటి దాకా సెలవే.

ఈ ఏడాది నా చేతిలో ఇరవై నాలుగు ఉన్నాయి.

పొద్దున్నే తలస్నానం చేసి కూర్చున్నాను. సూర్యుడు ఉదయించే గ్రహం ఒకటి చూసుకుని, చదునైన నేల మీద సైనికురాలిని నిలబెట్టాను. ఒక్కొక్క ఆయుధం దించుతుంటే ఆట ప్రతిసారీ వదిలేయాలా అని అడిగింది. ప్రతిసారీ అవునన్నాను. ఇరవై మూడు దించాక, అన్నిటికంటే గౌరవంగా, వరుసకు తూర్పు కొసన నీలం వెలుగు తుపాకిని దించాను. తెర అంచున కుంకుమ బొట్టు పెట్టాను. మా ఇల్లాలు ఎగతాళి చేస్తుందనుకున్నాను. ఆమె ఒక బంతిపువ్వు తెచ్చి కంప్యూటర్ మీద పెట్టింది. చాలా ఏళ్ళ తరువాత ఆచారం నిండుగా జరిగిందనిపించింది. ఆయుధాలు ఎత్తకుండానే ఆట మూసేశాను.

మరునాడు పొద్దు పొడిచాక తెరిచాను.

అదే నేల. అదే గుండ్రాయి. అదే సూర్యుడు. నేల మీద ఏమీ లేదు.

చోటు తప్పానేమోనని సైనికురాలిని చుట్టూ తిప్పాను. గుండ్రాయి వెనక చూశాను. తరువాత ఆమె పట్టీలు తెరిచి చూశాను. ఇరవై నాలుగు గళ్ళూ ఉన్నాయి, నేను కుట్టించినవి కుట్టించినట్టే, ఒకదాని కింద ఒకటి. లోపల ఏమీ లేదు. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలియదు. కుర్చీ వెనక్కి పడిన చప్పుడుకు మా ఇల్లాలు వచ్చి, తెర వంక చూసి, నా వంక చూసి, "ఎవరు తీస్కపోయిన్రు?" అంది.

నాకూ అదే ప్రశ్న. ఎవడో వచ్చాడనే అనుకున్నాను. దొంగ అయితే వెతకవచ్చు, శత్రువు అయితే పోరాడవచ్చు. ఫోన్లో ఆ ఆట ఆడేవాళ్ళు రాసుకునే చోట గంటసేపు వెతికాక జవాబు దొరికింది. ఎవరూ రాలేదు. బయటి నేల మీద వదిలిన వస్తువును ఆట మూసినప్పుడు కంప్యూటర్ చెత్త కింద జమకట్టి ఊడ్చేస్తుందట. ఓడ లోపల అయితే ఉండేవట. వెనక్కి వెళ్ళే దారి కూడా లేదు. ఆట ఒక్క నమోదే ఉంచుకుంటుంది, మూసినప్పుడు పాతదాన్ని తుడిచేస్తుంది. చెత్త అన్న మాట దగ్గర నా కళ్ళు చాలాసేపు ఆగాయి. వదిలేయాలా అని అది నన్ను ఇరవై నాలుగుసార్లు అడిగింది.

అప్పటికే మా అమ్మాయి బస్సులో ఉంది. పండుగ నాడు గనిలో అత్యవసర డ్యూటీ పడి, మరునాడు బయలుదేరింది. పరకాల దాటాక ఫోన్ చేసి, ఆఖరి పోరాటానికి అంతా సిద్ధమేనా అని అడిగింది. రా బిడ్డా అన్నాను. వరంగల్‌లో బస్సు మారేటప్పుడు మళ్ళీ చేసింది. ఆ ఫోన్ నేను ఎత్తలేదు. నా జీవితంలో నేను దాక్కున్న సందర్భాలు తక్కువ, అది ఒకటి.

మధ్యాహ్నానికి వచ్చింది. కాళ్ళు కడుక్కుని అన్నం కూడా వద్దని కంప్యూటర్ వైపు నడుస్తుంటే ఎదురుగా నిలబడ్డాను.

"నువ్వు అప్పజెప్పింది పోయింది బిడ్డా. నేనే పోగొట్టిన."

పరాచికమనుకుంది. కూర్చుని తెరిచింది. ఒక్కొక్క గడి మీదికి బాణాన్ని తెచ్చి కిందిదాకా పోయింది, మళ్ళీ పైకి వచ్చింది. నేను జరిగింది చెప్పాను. గొంతు తగ్గించకుండానే చెప్పాను. ఆమె తల తిప్పలేదు.

"నీలిది గూడ దించినవా?"

"అన్నిటి ఎన్క దించిన."

"తూర్పు దిక్కేనా?"

"తూర్పే."

లేచి పెరట్లోకి వెళ్ళింది. తులసి గద్దె దగ్గర, నాకు వీపు తిప్పి నిలబడింది. మూడేళ్ళ ఆట. పదో తరగతి నుంచి ఇంజినీరింగు దాకా ఆమె అడిగినవన్నీ ఇవ్వలేకపోయాను. తనంతట తాను సంపాదించుకున్నది ఇదొక్కటి, దీన్ని దాచమని ఇచ్చింది. మా ఇల్లాలు అన్నం వడ్డించి, కంప్యూటర్ తుపాకులకు ఇంత ఏడుపేందని పెరట్లోకి వినిపించేటట్టు అంది. అని, తనే కళ్ళు తుడుచుకుంది.

కాసేపటికి మా అమ్మాయి లోపలికి వచ్చింది. ముఖం కడుక్కుంది. నా పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"పోనీ తియ్యి బాపు. మన ఇంటియి సర్కారు గుంజుకపోయె, గివ్వి మిషిను గుంజుకపోయె. నువ్వేం జేస్తవ్? నువ్వైతె ఏదీ అమ్ముకోలే గదా."

చిన్నప్పుడు దసరా నాడు ఆమె అడిగింది, అందరూ కత్తులకు పూజ చేస్తుంటే మనం కత్తిపీటకు ఎందుకు చేస్తామని. సర్కారు తీసుకుపోయిందని నేనే చెప్పాను. చాలా ఇళ్ళ నుంచి తీసుకుపోయారు కనుక ఆ మాట తేలిగ్గా వచ్చింది. తరువాత దాన్ని మార్చాల్సిన పని పడలేదు. ఇప్పుడు ఆమె ఆ మాటనే తెచ్చి నాకు ఓదార్పుగా ఇస్తోంది. మా ఇల్లాలు చేతిలో గిన్నెతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమెకు తెలుసు.

"సర్కారు తీస్కపోలే బిడ్డా," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను చూపు దించలేదు. మిగిలింది కూడా చెప్పాను. రెండు కత్తులు, ఒక కటారి, ఒక బల్లెం మొన. మా నాన్న పోయిన మరుసటి ఏడు, జనగామలో పాత ఇత్తడి, ఇనుము కొనే వర్తకుడికి, ఇంట్లోని గుండిగలతో పాటు నేనే తూకానికి అమ్మాను.