శవం ప్రశ్న వేసిన పంచనామా

ఆ రోజుల్లో జనానికి పోలీసంటే ఎంత భయమో, కొత్తగా పోలీసులమైన మాకు రేపటి రోజంటే అంత భయం. నిజాం రాజ్యం పోయి, పోలీస్ యాక్షన్ ముగిసిన కొత్త. ఎవరి కొలువు ఉంటుందో, ఎవరిది ఊడుతుందో చెప్పే నాథుడు లేడు. అలాంటి సమయంలో అమీన్‌గా (సబ్‌ఇన్‌స్పెక్టర్‌ని అప్పట్లో అలాగే పిలిచేవారు) ఎంపికై, చిలకలగూడలో మేనమామ ఇంట్లో ఉంటూ, తిరుమలగిరిలో ఒక ఖాళీ బ్యారక్‌లో హత్య కేసుల దర్యాప్తు నేర్చుకునేవాణ్ణి. నేర్చుకున్నదానికంటే పగటికలలు కన్నదే ఎక్కువ. ఎందుకంటే కొద్దిరోజుల కిందటే రాంగోపాల్‌పేట్‌లో బట్టల దుకాణమున్న ఒక పెద్దాయన ఇంటికి పెళ్లిచూపులకు వెళ్లొచ్చాను. పిల్ల నచ్చింది అనడం చిన్నమాట, అన్నం సహించడం మానేసింది. ఆయన మాత్రం మా మేనమామతో, "పోలీసోనికిస్తే నా బిడ్డ పసుపు కుంకుమ ఎన్నొద్దులుంటదో ఏమో! జెర సోంచాయించి చెప్తా" అన్నాడు. ఆయన ఆలోచన తెమలక, నా పై ప్రాణం పైనే పోతోంది.

మాకు పాఠాలు చెప్పడానికి మద్రాసు వైపు నుంచి వచ్చిన అధికారికి మేం పెట్టుకున్న పేరు టేపు సారు. ఆయన జేబులో ఎప్పుడూ దర్జీ టేపు ఉండేది. ఎక్కడ గాయం కనిపించినా పొడవెంత, వెడల్పెంత అని కొలవందే ఆయనకు తోచదు (గడ్డం గీసుకుంటూ కోసుకున్న నా చెంపను కూడా కొలిచాడు). "పుస్తకంలో శవం వేరు, నేల మీద శవం వేరు" అంటూ ఒకరోజు ఉత్తుత్తి హత్య ఒకటి ఏర్పాటు చేసి, శవం వేషం నాకిచ్చాడు. "నీలో ఎలాగూ చలనం తక్కువే కదయ్యా" అన్నాడు. చొక్కా చింపి, ఛాతీకి గోధుమపిండి ముద్ద అంటించి, దానిమీద పసుపూ సున్నమూ కలిపిన ఎర్రటి పారాణి పూశారు. పెళ్లినాడు కాళ్లకు పూయాల్సింది నాకు ముందే గుండెకు పూశారన్నమాట. "కదిలావో, కోర్సంతా మళ్లీ మొదటినుంచి" అని హెచ్చరించి సారు ఒక మూల నిలబడ్డాడు.

దర్యాప్తు అధికారి వేషం నా దోస్తు బుగ్గల భాయిది. శవ పంచనామా అంటే దారిన పోయే పెద్దమనుషులను పిలిచి, వాళ్ల ఎదుట శవాన్ని చూసి, వాళ్లు చెప్పింది రాసుకోవాలి. ఇది శిక్షణ మాత్రమేనని చెప్పి ఇద్దరిని తీసుకురమ్మని జవానును పంపారు. ఏళ్ల తరబడి అలవాటైన నోరు కదా, మా జవాను "సాబ్ పిలుస్తుండు, నడువున్రి" అని మాత్రమే అన్నాడు. ఎందుకని పోలీసును అడిగే ధైర్యం అప్పట్లో ఎవరికుంది? వచ్చినవాళ్లలో ఒకడు బీడీల దుకాణదారు. రెండో మనిషిని కళ్లు మూసుకునే గుర్తుపట్టాను, గొంతును బట్టి. లష్కర్ (మిలిటరీ) దర్జీలకు ఖాకీ గుడ్డ ఇవ్వడానికొచ్చి దొరికిపోయిన రాంగోపాల్‌పేట్ పెద్దాయన!

"అయ్యో కొడుకా!" అని నా పక్కన కూలబడ్డాడు. "మొన్ననే మా ఇంట్ల కూసోని సర్వపిండి తిన్నడు సాబ్!"

ఎంత బాగా నటిస్తున్నాడోనని టేపు సారు మురిసిపోతున్నాడు. బుగ్గల భాయి గొంతు సవరించుకుని, "ఈయనకు దుష్మన్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు.

"దుష్మన్లా? దుష్మన్లుండాల్నంటే మనిషికి జెర ధైర్యముండాలె సాబ్. ఈ పిలగాడు మా కుక్కను చూసి గోడెక్కిండు." శవానికి పౌరుషం వచ్చింది కానీ ఓర్చుకున్నాను. ఆయన ముక్కు చీది మళ్లీ అందుకున్నాడు. "నా బిడ్డ చేస్కుంటే ఈ పిలగాన్నే చేస్కుంట అన్నది. నేనే పాపిష్టోన్ని, రేపొచ్చి కాదని చెప్దామనుకున్న."

"ఎందుకు కాదంటరు మామా?" అని లేచి కూర్చున్నాను.

బీడీల దుకాణదారు ఒక్క అంగలో గుమ్మం దాటాడు. పెద్దాయన వెనక్కి పడితే బుగ్గల భాయి పట్టుకున్నాడు. టేపు సారు నెత్తి కొట్టుకుని, "శవం ప్రశ్నలు వేస్తే పంచనామా చెల్లదయ్యా!" అని కేకలేశాడు. అసలు సంగతి చెప్పి నీళ్లు తాగించాక, పెద్దాయన నా గాయాన్ని వేలితో పొడిచి, పిండిని వాసన చూశాడు. తిడతాడనుకుని తల వంచుకున్నాను.

"బతికున్నోడు సచ్చిండని మాటొస్తే ఆయుష్షు పెరుగుతదంటరు," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "నేనైతే ఏడ్సుడు సుత ఏడ్సిన. ఇగ నా బిడ్డకేం భయం లేదు. మీ మామను తోల్కొని రా, ముహూర్తం పెట్టిద్దాం."

కోర్సు మళ్లీ మొదటినుంచి చదివాను, కానీ పెళ్లికొడుకుగా చదివాను. తర్వాత నిజమైన పంచనామాలు ఎన్నో చేశాను. సాక్షి మాటను రెండోవాళ్లతో ధ్రువపరచుకోందే నమ్మకూడదని కుర్ర అమీన్లకు గట్టిగా చెప్పేవాణ్ణి. ఆ ఒక్కనాటి సాక్ష్యాన్ని మాత్రం పెళ్లయిన ఎన్నో ఏళ్లకు గానీ ధ్రువపరచుకోబోలేదు. అడిగితే మా ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ, "నేనెప్పుడన్న గట్ల? మా నాయన ఏదో, సచ్చినోని మీద నాలుగు మంచి మాటలన్నడు" అని నవ్వింది. నిజమో, సిగ్గో తేలలేదు. నేనూ మళ్లీ అడగలేదు. ఆ మాట ఒక్కటి నమ్మి, కోర్సు పోతే పోయిందని గుండెకు పారాణితో లేచి కూర్చున్న ఆ కుర్రాడంటే నాకు ఇప్పటికీ ముద్దే.