ఎర్ర ఇంకు చీటీ

పాత సినిమాల డిస్కులు అద్దెకిచ్చే ఆ కొట్టు తమ్ముడిదే అయినా, జనం వచ్చేది మాత్రం అక్క కోసం. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైంది. ఊరికే కూర్చోవడం చేతకాక, ప్రతి డిస్కు డబ్బా లోపల తన అభిప్రాయం రాసి ఒక చీటీ అంటించడం మొదలుపెట్టింది. చూడదగ్గ సినిమా అయితే నీలం ఇంకు, కాకపోతే ఎరుపు. ఏ సినిమా అయినా రెండుసార్లు చూశాకే కలం పట్టేది. మొదటిసారి కథ కోసం, రెండోసారి తప్పుల కోసం. రాతలో మొహమాటం ఉండేది కాదు, కుండ బద్దలు కొట్టినట్టు రాసేది. అందరూ ఆవిడను చీటీలక్క అనేవారు. చీటీలక్క ఎర్ర ఇంకు పెట్టిందంటే ఆ డిస్కు ఇక అరలో పడి ఉండాల్సిందే. ఇంత అధికారం ఆవిడకు ఎవరిచ్చారని అడగకండి. ఇలాంటివి ఎవరూ ఇవ్వరు, మనమే తీసుకోవాలి.

ఒకరోజు పొద్దున్నే డ్రాయింగు టీచరొకామె వచ్చి, పై అరలోంచి దుమ్ముపట్టిన డబ్బా ఒకటి తీసి బల్లమీద పెట్టింది. అందులో చీటీ ఇలా ఉంది: "మిల్లు కథ. తలా తోకా లేదు. చచ్చిపోయిన వాచ్‌మన్ పది నిమిషాల తర్వాత వచ్చి గేటు తీస్తాడు. ఎడిటరు కత్తెర పట్టుకుని నిద్రపోయాడు."

"ఇది రాసింది మీరేనా అండీ?"

"నేనే. పదకొండేళ్ళయింది."

"చల్లకొచ్చి ముంత దాచడమెందుకు గానీ, ఆ ఎడిటరు మా నాన్నగారు. అప్పట్లోనే ఇక్కడికొచ్చి ఇది చదువుకున్నారు. ఇంటికొచ్చి, 'అంతే అయ్యుంటుందిలే, నేనే ఎక్కడో పొరపాటు పడి ఉంటాను' అన్నారు. మళ్ళీ ఆ సినిమా మాటెత్తలేదు. కానీ వాచ్‌మన్ గేటు తీశాకే కదండీ చచ్చిపోయేది? చిన్నప్పుడు నేను హాల్లో చూశాను."

చీటీలక్క పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. అయినా ఆ 'అంతే అయ్యుంటుందిలే' అన్న మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగింది. తన రాతను నమ్మి ఒక మనిషి తన జీవితకాలపు పనిని తానే అనుమానించుకున్నాడు. వెంటనే డిస్కు ప్లేయర్లో వేసింది. మిల్లు ఆఫీసు గోడమీద రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉంది. వాచ్‌మన్ చచ్చిపోయిన రోజు దానిమీద పద్నాలుగో తారీఖు. ఆ తర్వాత అతను గేటు తీసిన రోజు తొమ్మిదో తారీఖు. డిస్కు తయారుచేసినవాళ్ళు రెండు రీళ్ళను ముందువెనకలు చేశారు. తప్పులు పట్టడానికని రెండుసార్లు చూసిన మనిషికి ఆ క్యాలెండరు కనపడలేదు. ఆవిడకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"దీనికింత రాద్ధాంతం ఎందుకక్కా? ఆ చీటీ చింపేసి ఇంకోటి అంటించు," అన్నాడు తమ్ముడు.

"చింపితే నేను తప్పే చెయ్యనట్టు అవుతుంది. ఇవాళ నన్నెవరూ పిలవొద్దు."

రిమోటు, కాగితం పట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. గంటా రెండు నిమిషాల దగ్గర ఆపాలి, పన్నెండు నిమిషాలు దాటెయ్యాలి, తర్వాతి పన్నెండూ చూసి మళ్ళీ వెనక్కి రావాలి. ఆ లెక్కన కూడా రెండుసార్లు చూసింది. నియమం నియమమే. అప్పుడు నీలం ఇంకుతో కొత్త చీటీ రాసి పాతదాని కిందే అంటించింది.

మర్నాడు ప్లేయరూ, ఆ డబ్బా సంచిలో పెట్టుకుని టీచరు వాళ్ళింటికి వెళ్ళింది. ఎడిటరు ముసలాయన తలుపు తీసి, సంచిలోని డబ్బా చూసి, "నేను చూడనమ్మా," అన్నాడు.

"చూడొద్దులెండి. ముందు చదవండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివాడు. "పై చీటీ తప్పు. నిద్రపోయింది ఎడిటరు కాదు, ఈ చీటీ రాసిన మనిషి. ఈ డిస్కులో రెండు రీళ్ళు తారుమారయ్యాయి. ఏ నిమిషం తర్వాత ఏది చూడాలో వెనక రాశాను. గేటు తీసేటప్పుడు వాచ్‌మన్ వణికే చేతిమీద ఎడిటరు షాట్‌ను ఒక క్షణం ఎక్కువ నిలిపాడు. ఆ చెయ్యి గుర్తుండబట్టే అతని చావు మనకు తగులుతుంది. ఆఖరి పావుగంట మాత్రం సాగింది."

ఆయన చివరి వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఇది నిజం. కోసేద్దామని మొత్తుకున్నాను, నిర్మాత వినలేదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు ఉత్తగా పొగిడి ఉంటే, నా మీద జాలిపడి రాశారనుకునేవాణ్ణి. పెట్టండమ్మా, చూద్దాం."

సరిగ్గా వారం తిరిగేసరికి, చేతికర్ర పొడుచుకుంటూ ముసలాయనే కొట్టుకొచ్చాడు. అరలన్నీ వెతికి ఒక డబ్బా తెచ్చి చీటీలక్క ముందు తెరిచాడు.

"దీనికి నీలం ఇంకు ఎలా పెట్టారండీ? రెండో రీల్లో ఆ రెండు సీన్ల అతుకు చూశారా అసలు? ఎవరో గొడ్డలితో నరికినట్టుంది."

చీటీలక్క ఆయనకు కుర్చీ జరిపి, ఎర్ర కలం మూత తీసి బల్లమీద పెట్టి, డిస్కు ప్లేయర్లో వేసింది.