రోజుకో పువ్వు

ఇస్త్రీ అత్తకు ఈ వయసులో పూలకొట్టు ఆయన మీద మనసు పడిందని వీధంతా చెవులు కొరుక్కుంది. రోజూ పొద్దున్నే ఆ కొట్టుకు వెళ్లడం, ఒకే ఒక్క పువ్వు తీసుకోవడం, దాన్ని తడిగుడ్డలో చుట్టి దొంగసొత్తులా చంకన పెట్టుకుని ఇంటికి రావడం. నిన్న గులాబీ, ఇవాళ చామంతి. ఇన్నేళ్లుగా ఇంట్లోకి పువ్వన్నది రానివ్వని మనిషి, ఎవరైనా పూలగుత్తితో ఎదురైతే "నాకు తలనొప్పమ్మా" అని పక్క సందులోకి తిరిగిపోయే మనిషి ఇలా మారిపోతే ఎవరి నోరు మాత్రం ఊరుకుంటుంది? పైగా ఆ పూలాయన కూడా ఒంటికాయ సొంఠికొమ్మే.

"మేనకోడలి పెళ్లి అంత హడావుడిగా చేస్తోంది చూడండి, ఇల్లు ఖాళీ చేయించడానికే," అంది కుట్టుపిన్ని మిషను తొక్కుతూ. ఆ మాట వీధి చివరికి చేరేసరికి ఇద్దరికీ ఉంగరాలు కూడా కొనేశారు.

ఉంగరాలూ లేవు, మనసు పడడమూ లేదు. ఆమెకు ఉన్నది భయం.

అన్నా వదినా పోయాక వాళ్ల పసిపిల్లను ఆమే పెంచింది. ఎప్పుడూ కిచకిచలాడుతుందని దానికి పిట్ట అని పేరు పెట్టింది కూడా ఆమే. పిట్టకు ఆరేళ్లప్పుడు, తెలిసినవాళ్ల పెళ్లిలో ఎవరో ముద్దొచ్చి రకరకాల పూలు కలిపి కట్టిన గుత్తి దాని ఒళ్లో పెట్టి, ఫొటో తీస్తాం నవ్వమన్నారు. పిల్ల నవ్వింది. ఆ నవ్వు మీదే పెదాలు ఉబ్బాయి. ఊపిరి ఈలలాగా మోగింది, ఆ తర్వాత ఈల కూడా ఆగిపోయింది. పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తిన ఆ దారి ఇస్త్రీ అత్తకు ఇప్పటికీ అరికాళ్లలో ఉంది.

డాక్టరు సూదిమందుతో బతికించాడు. "ఏదో పువ్వు తాలూకు పుప్పొడి పడలేదు. ఏ పువ్వో చెప్పలేను. మళ్లీ తగిలితే ఇంతకంటే గట్టిగా రావచ్చు," అన్నాడు.

అది ఒక భయం. ఇంటికొచ్చాక ఇంకొకటి మొదలైంది. పిల్ల గడప దాటదు. బంతి ఆడదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, చెయ్యి గుండె మీద వేసుకుని, "అత్తా, నాకు ఊపిరొస్తోందా?" అని అడుగుతుంది. రోజంతా అదే ప్రశ్న. పిల్ల కళ్లెదుటే ఎండిపోతుంటే చూడలేక ఒకరోజు ఇస్త్రీ అత్త నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది. "నీకేం లేదే పిచ్చిమొహమా. ఆ రోజు నీకు జ్వరం. పూలు పడనిది నాకు. తల పగిలిపోతుంది." ఆ మాటతో పిల్ల చెయ్యి గుండె మీంచి దిగింది. మళ్లీ కిచకిచ మొదలైంది. అప్పట్నుంచి ఆ లేని తలనొప్పి ఆమె ఒంటికి అంటుకుపోయింది.

ఇప్పుడు పిట్ట పెళ్లి. హాలంతా పూలే ఉండాలని పిట్ట పట్టు పట్టింది.

"నీ తలనొప్పికి ఒక్కరోజు సెలవిచ్చెయ్ అత్తా. పెళ్లయ్యాక నాకు ఇద్దరత్తలు. ఆ అత్తేమో నీకేం పూలు కావాలే అని అడుగుతోంది. ఈ అత్తేమో పువ్వంటేనే మొహం ముడుచుకుంటోంది. ఎవరు గయ్యాళో నువ్వే చెప్పు."

ఇస్త్రీ అత్త నవ్వేసింది. నిజం చెబితే పిల్ల చెయ్యి మళ్లీ గుండె మీదికి పోతుంది. చెప్పకపోతే పెళ్లిపీట మీదే ఊపిరి పోవచ్చు. ఏది పడదో తేల్చే పరీక్షలు ఉన్నాయంటారు, కానీ పిట్టకు చెప్పకుండా పిట్టను పరీక్షకు తీసుకెళ్లడం ఎలా?

అందుకని తనే పరీక్ష పెట్టింది. రోజుకో పువ్వు తెచ్చి, గ్లాసులో పెట్టి, ఇస్త్రీ బల్ల మీద ఉంచేది. అవతలి పక్క నిలబడి పిట్ట చొక్కాలు మడతపెట్టేది. ఇవతల ఇస్త్రీ పెట్టె నడుపుతూ ఈమె పిల్ల పెదాలనే చూసేది. డాక్టరు రాసిచ్చిన సూదిమందు నడుముకు కట్టుకున్న సంచిలో ఉండేది. పిట్ట ముక్కు గోక్కున్నా, ఆవలించినా ఈమె చెయ్యి సంచి మీదికి పోయేది.

"అలవాటు చేసుకుంటున్నానే, పెళ్లిలో తలనొప్పి రాకుండా," అని సర్దిచెప్పేది.

లిల్లీ తెచ్చిన రోజు పిట్ట దగ్గింది. ఒక దగ్గు, ఆ వెంటనే ఇంకొకటి. ఇస్త్రీ అత్త చెయ్యి సంచిలోకి పోయింది. పెట్టె బ్యాంకాయన చొక్కా మీదే ఉండిపోయింది.

"కారప్పొడి పొలమారిందిలే. ఏంటత్తా అలా చూస్తావ్? నా మొహానికి ముడతలు పడ్డాయా, ఇస్త్రీ చేస్తావా?" అంది పిట్ట. అంతలోనే, "అయ్యో, చొక్కా మాడుతోంది."

కాలర్ నల్లబడింది. పిట్ట మాత్రం బాగానే ఉంది. గులాబీకి బాగానే ఉంది, చామంతికి బాగానే ఉంది, లిల్లీకీ బాగానే ఉంది. ఆ పువ్వు ఏదైనా, పిల్ల పెరిగేసరికి దాని కోపం చల్లారిపోయి ఉంటుందని ఆమెకు నమ్మకం కుదిరింది. మర్నాడు బల్ల మీది లిల్లీని అక్కడే వదిలేసి, పెళ్లి పూలు చెప్పి రావడానికి బయల్దేరింది. చాలా ఏళ్ల తర్వాత నిండుగా ఊపిరి పీల్చుకుంటూ నడిచింది.

పూలాయన లిల్లీ కట్ట విప్పి, ఒక పువ్వును తన తెల్ల చొక్కా చేతి మీద తట్టాడు. నారింజరంగు చార పడింది.

"ముందే చెబుతున్నానక్కా, పెళ్లిబట్టలు జాగ్రత్త. ఈ పొడి పడితే నీ ఇస్త్రీ పెట్టె కూడా ఏం చెయ్యలేదు."

ఆమె ఆ చారను చూస్తూ నిలబడిపోయింది. "మా బల్ల మీద ఇదే పువ్వుంది. పక్కనే తెల్లచొక్కాల దొంతర. ఒక్క మచ్చా పడలేదేం?"

"నీళ్లు చల్లావా ఏంటి?"

చల్లకుండా ఎలా ఉంటుంది? ముప్పొద్దులా ఆ చెయ్యికి అదే పని. గిన్నెలో ముంచడం, గుడ్డల మీద చిలకరించడం. తెచ్చిన ప్రతి పువ్వూ వాడిపోకూడదని పోతూ వస్తూ దాని మీదా చిలకరించింది.

"తడిసిన పువ్వు పొడి రాల్చదక్కా," అన్నాడు ఆయన మామూలుగా. "ఆరాక చూడు, ఊదితే చాలు."

పెట్టిన పరీక్షలన్నీ నీళ్లలో కలిసిపోయాయి. ఇవాళ పనికి సెలవు పెట్టి వచ్చింది. బల్ల మీది పువ్వు మీద నీళ్లు పడలేదు. ఇంట్లో పిట్ట ఒక్కతే ఉంది. ఆయన వెనక నుంచి ఏదో అడుగుతున్నా వినకుండా పరిగెత్తింది. అదే దారి, అవే అరికాళ్లు.

తలుపు తోసేసరికి పిట్ట అద్దం ముందు నిలబడి ఉంది. చేతిలో పూర్తిగా విచ్చుకున్న లిల్లీ. వాసన చూద్దామని ముక్కు దగ్గరికి తెస్తోంది. ఇస్త్రీ అత్త లోపలికి దూకింది. బల్ల మీది నీళ్లగిన్నె ఎత్తి అమాంతం కుమ్మరించింది. పువ్వు, పిట్ట జుట్టు, పక్కనే మడతపెట్టి ఉన్న వీధి వాళ్ల బట్టలు, అన్నీ తడిసి ముద్దయ్యాయి. గుడ్డతో పువ్వును చుట్టి బయటకు విసిరి వచ్చి, పిల్ల గడ్డం పట్టుకుని పెదాలు చూసింది. మామూలుగానే ఉన్నాయి. అయినా చెయ్యి తియ్యలేదు.

పిట్ట మొహం మీది నీళ్లు తుడుచుకుంది.

"కుట్టుపిన్ని నువ్వు పూలాయన్ని చేసుకుంటున్నావంది. నేను నవ్వాను," అంది. "ఇప్పుడు నవ్వు రావడం లేదత్తా. రోజూ నా మొహమే చూస్తున్నావు. ఆ సంచి మీంచి చెయ్యి తియ్యవు. నిజం చెప్పు. పూలంటే నీకు తలనొప్పేనా?"

ఇస్త్రీ అత్త తడిసిన కుర్చీలో కూలబడింది. నడుముకున్న సంచి విప్పి పిట్ట చేతిలో పెట్టింది.

"నాకు జన్మలో తలనొప్పి లేదే. పూలు పడనిది నీకు. ఏ పువ్వో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ చెయ్యి గుండె మీదికి పోనివ్వకు, నీకు ఊపిరొస్తోంది, నేను చూస్తున్నాను. తల తుడుచుకుని రా. ముందు డాక్టరు దగ్గరికెళ్దాం, ఆ తర్వాత పూలాయన దగ్గర పెళ్లిహాలుకు ఆకులు మాత్రం చూసుకుందాం."