చెప్పులు విడిచి ఎక్కే కారు

మా అబ్బాజాన్ ఆ కారు ఎక్కే ముందు చెప్పులు కింద విడిచేవారు. మసీదు దగ్గర విడిచినట్టే జత కలిపి, ఎవరి కాళ్ళకీ తగలకుండా పక్కకి జరిపి పెట్టేవారు. అన్ని కార్లకీ ఈ మర్యాద లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఆయన షెడ్డుకి రిపేరుకొచ్చే కార్లలోకి గ్రీజు అంటిన చెప్పులతోనే దూరేవారు. చెప్పులు విడవడం ఒక్క ఎర్ర కారుకే.

అది రెండే సీట్లున్న పాత విదేశీ స్పోర్ట్స్ కారు. పైకప్పు గుడ్డది. నేను పుట్టకముందు ఎవరో పెద్దింటివాళ్ళ కొట్టంలో ఎండుగడ్డి కింద ముక్కలు ముక్కలుగా పడి ఉంటే, లారీలో వేసుకొచ్చి ఏళ్ళ తరబడి కూర్చారట. "నేను కాపురానికొచ్చేసరికే ఇంట్లో సవతి ఉంది" అని మా అమ్మీ ఇప్పటికీ అంటుంది. అంటూనే దానికి ముసుగు కుట్టింది. రంగు గీరుకుపోకుండా లోపల పాత చీరలతో అస్తరు వేసి మరీ కుట్టింది.

శుక్రవారం నమాజు అయ్యాక అబ్బాజాన్ ఆ కారు తీసి బందరు రోడ్డు మీదుగా కంకిపాడు దాకా వెళ్ళొచ్చేవారు. ట్రాక్టర్లు చూడాలని చెప్పేవారు గానీ, ట్రాక్టరు బాగు చేయడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేవాడెవడు? బడి లేని రోజైతే నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకునేవారు. రోడ్డుకి అంత దగ్గరగా కూర్చుంటే పొలాల్లో బురద వాసన నేరుగా ముఖానికి కొట్టేది. ఎడ్లబండి వాళ్ళు కూడా మమ్మల్ని కిందికి వంగి చూసేవాళ్ళు. ఆ రోడ్డు ఇప్పుడు వెడల్పయింది, పొలాలు వెనక్కి జరిగాయి. అయినా ఆ దారిన బస్సులో వెళ్తుంటే ఆ వాసన కోసం నా ముక్కు తనంతట తానే వెతుక్కుంటుంది.

నన్ను తీసుకెళ్ళని రోజుల్లో నేను షెడ్డు మెట్టు మీద కూర్చుని ఆయన చెప్పులకి కాపలా కాసేదాన్ని. కుక్కలు ఎత్తుకుపోయేవి. కారు కనుచూపు మేరలో లేకపోయినా నాకు బెంగ ఉండేది కాదు. చెప్పులు ఇక్కడున్నాయంటే మనిషి తిరిగొస్తాడు. ఆ వయసులో నాకు తెలిసింది అంతే.

కొన్నేళ్ళ కిందట ఆయనకి ఎడమ వైపు పక్షవాతం వచ్చింది. మాట దక్కింది. చెయ్యి నెమ్మదిగా కోలుకుంది. ఎడమ కాలు మాత్రం సగం మాట వినేది, సగం వినేది కాదు. తొడలో బలం తిరిగొచ్చినా పాదం వేలాడిపోయేది. డాక్టరు గారు చీలమండని గట్టిగా పట్టి ఉంచే బూట్ల జత ఒకటి రాసిచ్చి, అవి లేకుండా అడుగు వెయ్యొద్దన్నారు. ఇక ఆ కారు క్లచ్ సంగతి చెప్పాలా? రెండు కాళ్ళూ బాగున్నవాడికే దాన్ని తొక్కితే పిక్క పట్టేసేది.

అబ్బాజాన్ రోజూ షెడ్డుకి వచ్చి కుర్చీ వేయించుకుని కారు ఎదురుగా కూర్చునేవారు. ముసుగు తీయించి, కుడి చేత్తో అందినంత మేర తుడిచి, మళ్ళీ ముసుగు వేయించేవారు. అన్నం తగ్గించేశారు. అది చూడలేక ఒకరోజు అమ్మీ తేల్చి చెప్పేసింది. రంజాన్ నెల మొదలయ్యేలోపు ఆయన తనంతట తాను ఆ కారు నడిపితే సరే, లేదంటే కొంటామని అడుగుతున్నవాళ్ళకి ఇచ్చేద్దాం, ఎదురుగా పెట్టుకుని కుళ్ళిపోవడం ఎందుకని. అబ్బాజాన్ వాదించలేదు. ఎప్పుడూ వాదించే మనిషి ఊరుకునేసరికి నాకు భయం వేసింది.

నాది వ్యవసాయ పనిముట్ల ఫ్యాక్టరీలో డ్రాయింగులు వేసే ఉద్యోగం. కోపమెక్కువ, కొలతలు బాగా తీస్తానని అక్కడ నాకు పేరు. ఆయన కాలికి తగ్గ పెడల్స్ నేను చేస్తానన్నాను. చుట్టుపక్కల షెడ్లవాళ్ళు తలో సలహా పడేశారు. నేల కోసేసి కొత్త గేరుబాక్సు పెట్టమన్నారు ఒకరు, చేత్తో నొక్కే క్లచ్ వెల్డింగ్ చేయమన్నారు ఇంకొకరు. అబ్బాజాన్ అందరికీ ఒకటే జవాబు చెప్పారు.

"కారుకి కొత్తగా ఒక్క కన్నం కూడా పడకూడదు."

"ఎందుకండీ అంత పట్టుదల? మీ కారే కదా" అన్నారు పక్క షెడ్డాయన.

"నాకు ముందు ఇంకొకళ్ళదండీ. నా తర్వాత ఇంకొకళ్ళది. మధ్యలో వచ్చినోణ్ణి, నేను కన్నాలు పెడితే ఎట్టా?"

మా ఇంట్లో మాటలు ఉర్దూలో సాగుతాయి. కారు గురించి మాత్రం ఆయన నాతో కూడా తెలుగులోనే మాట్లాడేవారు, షెడ్డు భాష అదే కాబట్టి. ఆ మాట కూడా తెలుగులో అన్నారు గనక ఇక తిరుగులేదని నాకు అర్థమైంది.

అంటే పాత పెడల్స్ ఉన్న బోల్టులు విప్పి తీయాలి. ఆ కన్నాల్లోనే, ఆ బోల్టులతోనే, కొత్త పెడల్స్ మూడూ ఒకే చట్రంగా బిగించాలి. రేపు వద్దనుకుంటే విప్పేయగానే కారు మళ్ళీ మొదటిలా ఉండాలి. చెప్పడానికి సుఖంగానే ఉంది. ఆ కారులో కాళ్ళు పెట్టుకునే చోటు పిల్లి దూరేంత ఇరుకు. తల కిందికి, కాళ్ళు సీటు పైకి పెట్టి టార్చి నోట కరుచుకుని కొలతలు తీశాను. పాత పెడల్స్ నేలలోంచి మొలిచినట్టుంటాయి. నావి పైనుంచి వేలాడేలా గీశాను.

అసలు చిక్కు క్లచ్‌తో వచ్చింది. బావిలో నీళ్ళు తోడే పాత ఏతాలు చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా తెలుస్తుంది. కొయ్య పొడుగు పెంచితే బరువు తేలికవుతుంది, కానీ అంత ఎక్కువ దూరం లాగాలి. అబ్బాజాన్ కాలికి బరువూ కుదరదు, దూరమూ కుదరదు. రెంటికీ మధ్య ఎక్కడో ఒక పొడుగు ఉండాలని గీసి, చెరిపి, మళ్ళీ గీశాను.

ఇనుము కోయించే ముందు, కొండపల్లిలో మాకు తెలిసిన బొమ్మల పనాయన చేత అవే కొలతల్లో పొణికి చెక్కతో నమూనా చేయించాను. ఏనుగు అంబారీలు చెక్కే ఆయన నా డ్రాయింగు అటూ ఇటూ తిప్పి, "దీనికి రంగేం వేయమంటారండీ?" అని అడిగారు. ఏమీ వద్దన్నాను. మనసొప్పలేదు కాబోలు, అంచుల వెంబడి పసుపు గీత లాగి మరీ పంపారు. దాన్ని ఇంట్లో అబ్బాజాన్ కుర్చీ ముందు గోడకి ఆనించి నిలబెట్టాను. ఆయన బూటు కాలితో నొక్కి చూశారు. చక్కగా అందింది. అమ్మీ కూడా వంటింట్లోంచి వచ్చి చూసి వెళ్ళింది.

ఇనుముతో చేయించి, నా చేతులతోనే బిగించాను. ఒక ఆదివారం ఉదయం, ఆటోనగర్ రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు అబ్బాజాన్‌ని తీసుకొచ్చాను. ఆయన కారు దాకా నడిచి, తలుపు తీసి, సీటు అంచున కూర్చుని, వంగి, బూట్ల పట్టీలు విప్పడం మొదలెట్టారు.

"ఏం చేస్తున్నారు అబ్బాజాన్?"

"కనపడట్లేదా? విడుస్తున్నా."

"బూటు తీయొద్దని డాక్టరు గారు చెప్పారు కదా."

"నడవడానికి చెప్పారమ్మా. నేను కూర్చుంటున్నాగా."

బూట్లు జత కలిపి పక్కన పెట్టి లోపలికి తిరిగారు. క్లచ్ మీద పాదం పెట్టారు. మందమైన బూటు అడుగు లేకపోయేసరికి పెడల్ ఎక్కడో పైన ఉంది. వేళ్ళ కొసలు మాత్రమే తగిలి జారిపోయాయి. బూటు జారకూడదని నేను పెడల్ మీద ఇనుముకి గరుకు గీతలు పెట్టించాను. అవి వేళ్ళకి గీసుకున్నాయి.

"బూటు కొలతకి చేశాను. వేసుకోండి."

"కారులోకా?" అని నన్నే వింతగా చూశారు. "ఇన్నేళ్ళలో ఈ కారులో నేను చెప్పు పెట్టడం ఎప్పుడన్నా చూశావా?"

"లేదు."

"మరి బూటుకి కొలతెందుకు తీశావు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంట్లో బూటుతోనే కదా నొక్కి చూశారు, అప్పుడన్నా చెప్పొచ్చుగా" అన్నాను.

"అది కుర్చీ, కారు కాదుగా" అన్నారు, చాలా శాంతంగా.

మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు. స్పానరు విసిరేసి, ఆయన్ని ఇంటికి తీసుకొచ్చేశాను. ఆయన మీద కన్నా నా మీద ఎక్కువ మంటగా ఉంది. ఆ చెప్పులకి చిన్నప్పుడు కాపలా కాసింది ఎవరు? లోకంలో ఎవరు మర్చిపోయినా నేను మర్చిపోకూడని విషయం అది. రంజాన్ దగ్గర పడుతోంది. అన్నం వద్దని పడుకున్నాను.

అమ్మీ వచ్చి మంచం పక్కన నిలబడింది. కారు పోతేనే మేలని ఆమె లోపల అనుకుంటోందని నా అనుమానం. ఆమె అన్న మాట వేరు. ఉర్దూలో మొదలెట్టి, ఆ సామెత దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి దిగింది. "తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషాయన. ఆ కాళ్ళు మారవు. వాటికే కొలత తీసుకో. అసర్ నమాజుకి వజూ చేసుకుంటున్నారు, లే."

నేను లేచి వెళ్ళేసరికి పెరటి గుమ్మంలో అబ్బాజాన్ వజూకి కాళ్ళు కడుక్కుని, అమ్మీ భుజం పట్టుకుని నాపరాళ్ళ మీద అడుగులేస్తున్నారు. తడి అడుగులు వరసగా పడ్డాయి. నేను చాక్‌పీసు తీసుకుని, ఎండకి ఆరిపోకముందే ఎడమ పాదం గుర్తు చుట్టూ గీత గీశాను. కుడి అడుగు నిండుగా పడింది. ఎడమ అడుగులో మడమ ఉంది, బయటి అంచు ఉంది, బొటనవేలు ముద్ర అసలు లేదు. ఆ పాదం ఒక పక్కకి ఒరిగి పడుతోందన్నమాట. బూటు అన్నాళ్ళూ దాన్ని నా కంట పడనివ్వలేదు. నేను నేల మీద కూలబడి ఆ గుర్తు చూస్తూ ఏడ్చాను. మా నాన్న కాలు ఎంత పాడైందో నాకు అప్పుడే తెలిసింది.

పెడల్ చేతులు మళ్ళీ చేయించాను, కిందికి, దగ్గరికి. క్లచ్ మీది పలకని ఆ అడుగు ఒరిగినట్టే ఒరిగేలా పెట్టాను. పాదం జారిపోకుండా దానికి బయటి వైపు చిన్న గట్టు కట్టించాను, మడమ ఆనడానికి చట్రంలోంచే ఒక పీట సాగదీశాను. గరుకు ఇనుము తీసేసి పాత టైరు రబ్బరు కోసి అంటించాను. కారుకి మాత్రం కొత్త కన్నం పెట్టలేదు.

మళ్ళీ ఆదివారం. ఈసారి అమ్మీ కూడా వచ్చింది. ఆయన బూట్లు విడిచారు. మొదట కారు కప్పలా గెంతి ఆగిపోయింది. రెండోసారీ అంతే. పక్కన కూర్చోనా అని అడిగితే చెయ్యి ఊపి వద్దన్నారు. ఆ తర్వాత క్లచ్ నెమ్మదిగా వదలడం ఇంజను చప్పుడులోనే తెలిసింది. కారు కదిలింది, వీధి చివరిదాకా వెళ్ళింది, మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

అమ్మీ, నేను షెడ్డు మెట్టు మీద కూర్చున్నాం. మా ముందు నేల మీద ఆయన బూట్లు ఉన్నాయి. ఆలస్యమవుతున్న కొద్దీ నేను రోడ్డు చివరికి చూస్తున్నాను, అమ్మీ బూట్ల వైపే చూస్తోంది. కాసేపటికి వంగి, వాటిమీద పడ్డ దుమ్ము కొంగుతో తుడిచింది. ఇంజను చప్పుడు దూరం నుంచి వినపడ్డాకే ఇద్దరం లేచాం. అబ్బాజాన్ చొక్కా చెమటతో తడిసిపోయింది, ముఖం మాత్రం కంకిపాడు శుక్రవారాల నాటిది. అమ్మీ కారు చుట్టూ తిరిగి చూసి, "ముసుగు ఒకచోట చిరిగింది, ఇంటికి పంపండి, కుడతాను" అంది. కారు అమ్మేయాలన్న మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత ఆయన ఉన్నంతకాలం శుక్రవారాలు తిరిగొచ్చాయి. కంకిపాడు దాకా కాదు, ఊరి చివరిదాకా. అప్పుడప్పుడు పక్క సీట్లో నేను. నా జీవితంలో మంచి రోజులేవంటే అవే అంటాను.

ఆయన పోయారు. నిలబెట్టిన కారు తుప్పు పడుతుందని, నడిపేవాడికే ఇమ్మని చివర్లో తానే చెప్పారు. అలా నడిపేవాడొకాయన దొరికారు. ఆయన వచ్చే ముందురోజు నా చట్రం నేనే విప్పాను. గుడ్డలో చుట్టి దాచిన పాత పెడల్స్ వాటి చోట బిగించాను. కారు తీసుకునే ఆయన మర్నాడు టార్చి వేసి కింద అంతా వెతికి, "ఎక్కడా ఒక్క కొత్త కన్నం లేదండీ, చాలా జాగ్రత్తగా ఉంచారు" అన్నారు. మధ్యలో వచ్చినోడు వచ్చినట్టే వెళ్ళాడు. నా చట్రం ఇంట్లో అల్మారాలో ఉంది. క్లచ్ రబ్బరు బయటి అంచున అరిగి నున్నగా ఉంటుంది, బొటనవేలు వైపు ఇంకా కొత్తగానే ఉంది.

ఆ కొత్తాయన కారు ఎక్కబోతుంటే ఉండబట్టలేక, "చెప్పులు బయట విడవరూ" అన్నాను. మంచివారు, కారణం అడగలేదు. నవ్వుతూ విడిచారు. విడిచి, వాటిని చేత్తో తీసి పక్క సీటు కింద పెట్టుకుని, వెళ్ళొస్తానని తలూపి కారు కదిలించారు.

చప్పుడు వినపడినంతసేపూ నేను అక్కడే నిలబడ్డాను. తర్వాత అలవాటు కొద్దీ కిందికి చూశాను. నేల మీద చెప్పులు లేవు.