జబ్బు పడని కమ్మరి పిల్ల

2024 ఫిబ్రవరి. అప్పటికి నేను నరసరావుపేటలో ఒక మందుల కొట్టు పైన గది అద్దెకు తీసుకుని పనిచేస్తున్నాను. కంప్యూటర్ ఆటలు బయటికి రాకముందే వాటిలో తప్పులు వెతికి చెప్పడం నా ఉద్యోగం. మిగిలిన సమయంలో మాడ్‌లు చేసేదాన్ని. మాడ్ అంటే, ఎవరో తయారుచేసిన ఆటలో మనకు తోచిన కొత్త సంగతి చేర్చడం. "మీ కోడలు ఏం పని చేస్తది?" అని ఎవరైనా అడిగితే మా అత్తగారు, "కంప్యూటర్లో బొమ్మలకి బుద్ధులు నేర్పుద్ది" అని చెప్పేది. ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

నా మాడ్‌లలో బాగా నడిచింది ఒకటే. రాజుల కాలం నాటి ఒక రోల్ ప్లేయింగ్ ఆటకు చేసినది. అందులో ఆడేవాళ్ళు ఒక పాత్రగా మారి ఊళ్ళు తిరుగుతారు. తక్కిన జనాన్నంతా కంప్యూటరే నడుపుతుంది. వాళ్ళను ఎన్‌పీసీలు అంటాం. ఒక్కొక్కరికీ ఒక దినచర్య ఉంటుంది. పొద్దున బావి దగ్గరికి, మధ్యాహ్నం అంగడికి, చీకటి పడితే ఇంటికి. ఆ జనంలోకి నేను ఒక మహమ్మారిని వదిలాను. పక్కన నిలబడినవాళ్ళకు అంటుకుంటుంది, పడిపోతారు, పోతారు. ఆడేవాళ్ళకు అది తెగ నచ్చింది.

ఒక మధ్యాహ్నం డాక్టర్ సుహాసిని మెట్లెక్కి వచ్చింది. మా పేటకు అరగంట దూరంలో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తుంది. గురజాల అమ్మాయి. డ్యూటీ అయ్యాక ఆటలు ఆడుతుందట. నా మాడ్ పేజీలో ఊరి పేరు చూసి వెతుక్కుంటూ వచ్చింది.

"నీ మహమ్మారి నాకు కావాలి కవితా. కానీ అందులో ఎవరూ చావకూడదు" అంది.

ఆమె పరిధిలోని ఒక ఊళ్ళో పిల్లలకు తట్టు మొదలైంది. ఒంటినిండా ఎర్రటి పొక్కులు, జ్వరం. ఇద్దరు పిల్లలకు ఊపిరితిత్తుల దాకా పోయి గుంటూరు పంపించారు. మిగతా పిల్లలకు వెంటనే టీకాలు వేస్తే ఆగుతుంది. కానీ అక్కడ తట్టును అమ్మవారు అంటారు. అమ్మవారు ఊళ్ళో ఉండగా సూది వేయించకూడదని పెద్దల మాట. పైగా శివరాత్రి దగ్గర పడుతోంది. వెదురుతో ఎత్తుగా కట్టి లైట్లతో అలంకరించిన ఆ ఊరి ప్రభ కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్తుంది, దాని వెనక పిల్లాజెల్లా ఊరంతా వెళ్తుంది. అక్కడ లక్షల జనం చేరతారు.

"మైకులో చెప్పాను, ఇల్లిల్లూ తిరిగాను. వినేది వింటున్నారు, తల ఊపుతున్నారు, తలుపు వేసుకుంటున్నారు. కంటికి కనపడితే తప్ప నమ్మరు" అంది.

"భయపడేలా చేయాలంటే చావులు ఉంటేనే మంచిది కదా?" అన్నాను.

"భయపెట్టి చేయించుకున్న పని మళ్ళీ ఏడాదికి ఉండదు. నాకు వాళ్ళు అర్థం చేసుకోవాలి."

ఆ రోజే మొదలుపెట్టాను. మహమ్మారిని తట్టుగా మార్చడం అనుకున్నంత తేలిక కాలేదు. ఆటలో మనం చూస్తున్న వీధి మాత్రమే నడుస్తుంది, మనం దాటిపోయిన వీధి ఆగిపోతుంది. అక్కడ జబ్బు కూడా ఆగిపోతుంది. అందుకని, చూడని వేళల్లో ఎవరు ఎవరిని కలిసి ఉంటారో లెక్కగట్టే స్క్రిప్ట్ రాశాను. స్క్రిప్ట్ అంటే ఆటకు మనం ఇచ్చే ఆదేశాల వరస. జబ్బు వచ్చినవాళ్ళు చావకుండా, ఇంటికి పోయి మంచం పట్టేలా చేశాను. బావిని చేతిపంపుగా మార్చాను. అంగడి పక్కన చిన్న గుడి కట్టాను. గుడి ముందు ప్రభ కూడా నిలబెట్టాను.

అంతా అయ్యాక సుహాసినిని పిలిచి చూపించాను. సగంలో ఒక తేడా కనపడింది. ఊరంతా మంచాన పడుతుంటే కమ్మరి కూతురు మాత్రం ఇంటింటికీ గెంతుతూ తిరుగుతోంది. ఆ పిల్ల వెళ్ళిన ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు పడుతున్నారు.

విషయం నాకు తెలిసిపోయింది. అసలు ఆటలో ఆ పిల్ల కథకు ముఖ్యం. అలాంటి పాత్రలకు ఏమీ కాకూడదని ఆట ముందే కాపలా పెట్టుకుంటుంది, ఒంట్లో బలం తగ్గగానే నింపేస్తుంది. నా స్క్రిప్ట్ బలం తగ్గినవాళ్ళనే మంచం ఎక్కిస్తుంది. ఆ పిల్లకు బలం తగ్గదు. జబ్బు మాత్రం లోపలే ఉంటుంది.

"తప్పు దొరికింది. సాయంత్రానికి సరిచేస్తాను" అన్నాను.

సుహాసిని నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది. "దాన్ని ముట్టుకోవద్దు. పొక్కులు రాకముందు నాలుగు రోజుల నుంచే తట్టు అంటుకుంటుంది. అప్పుడు పిల్లలు అచ్చం ఇట్లాగే తిరుగుతారు. మైకులో నేను చెప్పలేకపోయింది ఇదే."

నేను సరిచేయలేదు. ఆ పిల్లకు కూడా నాలుగు రోజులు గడిచాక పొక్కులు వచ్చేలా మాత్రం చేర్చాను. టీకాలు వేసిన ఊరు ఎలా ఉంటుందో చూపడానికి ఇంకొకటి తయారుచేశాను.

తట్టు మొదలైన ఆ ఊరి బడిలో తెర కట్టించారు. మంచాన పడిన పిల్లలున్న ఇళ్ళవాళ్ళను రావద్దన్నాం, చిన్నపిల్లలను తేవద్దని కూడా చెప్పాం. పెద్దవాళ్ళు బాగానే వచ్చారు. ముందు వరసలో వెంకటప్పయ్య కూర్చున్నాడు. ప్రభ కట్టించేది ఆయనే. ఆయన వద్దంటే ఆ ఊళ్ళో ఏదీ జరగదు. పక్కన భార్య ఆదెమ్మ.

మొదట అందరూ నవ్వారు. "ఆ ఎర్ర తలపాగా వాడు మన కోటయ్యలాగ లేడూ?" అని ఎవరో అన్నారు. చేతిపంపు దగ్గర తోపులాట చూసి ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు. తర్వాత మంచాలు నిండడం మొదలైంది. మాటలు తగ్గాయి.

ఆదెమ్మ ముందుకు వంగింది. "ఆ గెంతే పిల్లకి ఏమీ లేదుగా. మరి అది పోయిన ఇంట్లోనే పడతన్నారేంది?"

"లేదనుకుంటాం పెద్దమ్మా. దాని ఒంట్లో ఉంది. ఇంకా బయటికి రాలేదు, అంతే. చూడు" అంది సుహాసిని.

తెర మీద కమ్మరి పిల్ల ఒంటి మీద పొక్కులు లేచాయి. ఆదెమ్మ లేచి తెర దగ్గరికి వెళ్ళి చూసింది. తర్వాత నెమ్మదిగా, "మొన్న మా మనవరాలు ఆ సుబ్బులు కూతురితో ఆడింది. మర్నాడే ఆ సుబ్బులు పిల్లకి అమ్మవారు పోసింది" అంది.

"ఇది సూదులు వేయించుకున్న ఊరు" అంటూ సుహాసిని రెండో ఊరు వేయమని నాకు సైగ చేసింది. అదే చేతిపంపు, అదే పిల్ల, అదే గెంతులు. ఇద్దరు ముగ్గురు పడ్డారు. అక్కడితో ఆగింది. ప్రభ కదిలింది.

"బొమ్మలాట బాగుంది డాక్టరమ్మా. కానీ అమ్మవారు ఊళ్ళో ఉండంగ సూది తప్పు. అమ్మవారు తగ్గి పిల్లలకి నీళ్ళు పోసిందాక ఆగండి. మా నాయన నాటి నుంచి ఇదే" అన్నాడు వెంకటప్పయ్య.

వెనక వరసల్లో పెద్దలు అవునన్నట్టు తలలు ఊపారు. సుహాసిని ఏదో అనబోయింది. ఆదెమ్మ అందుకుంది.

"నియమం అమ్మవారు వచ్చిన ఇంటికయ్యా. మన ఇంటికి ఇంకా రాలేదుగా. రాని ఇంట్లో పిల్లకి సూది ఏయిస్తే ఆ తల్లికి కోపమెందుకు? ఆమె మాత్రం పిల్లల్ని గుంటూరు పంపమందా?"

వెంకటప్పయ్య కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. తెర వైపు చూశాడు. అక్కడ ప్రభ ఇంకా నడుస్తూనే ఉంది.

"రేపు పొద్దున అమ్మోరికి దణ్ణం పెట్టుకుని, గుడి అరుగు మీదనే ఏయండి. ముందు మా పిల్లకి" అన్నాడు.

మర్నాడు నేనూ వెళ్ళాను. అరుగు కింద నుంచి బడి గోడ దాకా తల్లులు బారులు తీరి ఉన్నారు. ఆదెమ్మ మనవరాలు సూదికి ఏడ్చి, బెల్లం ముక్క ఇచ్చాక మానేసింది. అప్పటికే అంటుకుని ఉన్న కొందరికి ఆ వారంలో పొక్కులు వచ్చాయి. తర్వాత తగ్గుతూ వచ్చి, కొత్తగా ఎవరికీ రాలేదు. గుంటూరు వెళ్ళిన ఇద్దరూ తిరిగి వచ్చారు. ఒంట్లో బాగాలేని పిల్లలను, వాళ్ళ తల్లులను ఇంట్లోనే ఉంచి ప్రభ బయలుదేరింది. ఆ మాట చెప్పింది కూడా వెంకటప్పయ్యే. కొండ కింద ఆ ప్రభ లైట్లు వెలిగినప్పుడు సుహాసిని జనం మధ్యలో నిలబడి ఈల వేసింది. డాక్టర్ ఈల వేయడం నేను చూడటం అదే మొదటిసారి.

తర్వాత పక్క ఊళ్ళోనూ తెర కట్టాం. ఈసారి పిలవకుండానే ఆదెమ్మ ఆటో ఎక్కి వచ్చింది. తెర పక్కన నిలబడి, కమ్మరి పిల్లను వేలితో చూపిస్తూ తనే చెప్పుకుపోయింది. నాకూ సుహాసినికీ మాట్లాడే పని పడలేదు.

నా ఉద్యోగంలో ఏది అనుకున్నట్టు నడవకపోతే అది తప్పు, వెంటనే తీసేయాలి. ఏళ్ళ తరబడి అలాగే చేశాను. ఆ రోజు సుహాసిని చెయ్యి వేసి ఆపకపోతే, ఆ ఊరికి కావలసిన ఒక్క సంగతినీ నా చేతులతో నేనే చెరిపేసి ఉండేదాన్ని. ఇప్పుడు కూడా తప్పులు వెతికే పనే చేస్తున్నాను. దొరికిన ప్రతిదాన్నీ చెరిపే ముందు, అది నాకు తెలియనిదేదైనా చెబుతోందా అని ఒకసారి ఆగి చూస్తాను. నాకు తోచకపోతే, తెలిసినవాళ్ళను పిలిచి చూపిస్తాను.