పల్లకి మోయొచ్చని స్వామి అనలేదు

పదహారేళ్లుగా నా రొమ్ము మీద ఒక లారీ లోడు కడప బండలున్నాయి. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. ఆమె చెవిన వేస్తే సాయంత్రానికి మైదుకూరు దాటిపోతుందని భయం. మీరు నా మొహం ఎరగరు, అందుకే మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో ఆరోగ్య కార్యకర్తను. అక్కడ చెన్నయ్య అనే రైతు. తలుపులో పట్టని భుజాలు. ఏటా ఉత్సవంలో దేవుని పల్లకికి ముందు భుజం అతనిదే. భార్య ఓబులమ్మకు నలుగురు పిల్లలు, ఒంట్లో చుక్క రక్తం లేదు. ఐదో కాన్పయితే మనిషి దక్కదని ప్రొద్దుటూరు డాక్టరమ్మ తేల్చేసింది. పిల్లలు పుట్టకుండా మగవాడికే చిన్న ఆపరేషన్ చేద్దాం, ఎల్లుండి క్యాంపుకు తీసుకురమ్మంది. చెన్నయ్య సరేనన్నాడు. అతని తల్లి అడ్డం పడింది.

"కోత పడినోడు దేవుని పల్లకి మోయొచ్చునా? పోయి స్వామిని అడుక్కోని రాప్పా. ఆయన ఊ అంటే నాదేం లేదు."

స్వామి అంటే ఆ ఊరి గుడి పూజారి. వెళ్లి అడిగాను. ఆయన విగ్రహానికి గంధం పూస్తూ, తల తిప్పకుండా, "పండగ కానీలేప్పా, చూద్దాం" అన్నాడు. అంతే. పండగంటే ఆ పల్లకి ఉత్సవమే, ఇరవై రోజుల తర్వాత. క్యాంపు ఎల్లుండి.

గుడి నుంచి వాళ్ల ఇంటికి నలభై అడుగులు. ఆ నలభై అడుగుల్లో నేను ఒక కొత్త శాస్త్రమే రాసేశాను.

"స్వామి మోయొచ్చన్నాడు" అన్నాను. అక్కడ ఆగొచ్చు కదా? నాలుక ఆగితేనా! "వారం దినాలు బరువెత్తకూడదంట. మూడు నెలలు నిరోధ్ నియమం తప్పకూడదంట. తప్పితే ఫలం దక్కదంట." అన్నీ డాక్టరమ్మ మాటలే. నేను వాటికి పంచె కట్టి బొట్టు పెట్టాను.

ముసలామె రెండు చేతులూ జోడించింది. "ఆ నియమం యాడ దొరుకుతాదప్పా?"

సంచిలోంచి పొట్లాలు తీసి ఇచ్చాను. కళ్లకద్దుకుని దేవుని గూట్లో పెట్టింది. మూడు నెలలూ పొద్దుగూకితే కొడుకును వీధంతా వినబడేలా అడిగేది: "నియమం మర్చిపోతాండావేమో నాయనా?"

ఎందుకు అబద్ధమాడాను? ఓబులమ్మ కోసమా? సగం అవును. మిగతా సగం? ఆ ఏడు నా ఆపరేషన్ల జాబితాలో మగవాళ్ల గడి ఒక్క పేరు లేకుండా బోసిగా ఉంది. ప్రతి మీటింగులో అధికారి నా పేరు చదివితే కుర్చీలు కూడా నవ్వేవి. ఆ నవ్వు లేకపోయినా ఓబులమ్మ కోసం అంత తెగించేవాణ్ణా? గడ్డం గీసుకుంటూ ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. నాకు తెలియదు. ముసలామె నన్ను నమ్మి, తన దేవుణ్ణి ఒక మాట అడిగి రమ్మని పంపింది. జవాబు నేనే చెప్పేశాను.

ఆపరేషనైన పద్దెనిమిదో రోజు, ఉత్సవంలో చెన్నయ్య పల్లకి ఎత్తితే ఆకాశానికి తగులుతుందేమో అనిపించింది. ఊరంతా గోవిందా అంటుంటే నేను మాత్రం అతని మోకాళ్లు చూస్తూ చెమటతో తడిసిపోయాను. ఏమీ కాలేదు. తర్వాత తొండూరు నుంచి కూడా మగవాళ్లు క్యాంపుకొచ్చారు, "స్వామి చెప్పినాడంట కదా" అంటూ.

పోయిన నెల పులివెందులలో కూతురి దగ్గరున్న స్వామిని వెతుక్కుంటూ వెళ్లాను. అంతా కక్కేశాను.

"ఆ మాట మీరనలేదు స్వామీ. నేనే పుట్టించినా."

"ఏందప్పా నువ్వనేది? మోయొచ్చని నేనే చెప్పినా. మూడు నెలల నియమం పెట్టింది గూడా నేనే. జనం ఇప్పటికీ దానికే నాకు దండం పెడతాండారు."

"పండగ కానీ అన్నారు స్వామీ మీరు."

"నీకు మతిమరుపు వస్తాంది. ఇంద, మజ్జిగ తాగి పో."

తప్పు జరిగిందని ఒప్పుకోని మనిషిని క్షమించమని ఎలా అడగను? నిజంగా మోసపోయిన ముసలామె, నా మాటను దేవుని మాటగానే మోసుకుని, ఎప్పుడో కన్నుమూసింది.

నిన్న ప్రొద్దుటూరు బజారులో ఓబులమ్మ కనబడింది. చంకలో మనవరాలు, నోట్లో వక్కాకు, పూలమ్మేవాడితో మూర కొలత మీద పెద్ద రగడ. నన్ను చూసి పగలబడి నవ్వి, "బాగుండావాప్పా?" అంది. చెబుదామనుకున్నాను. మనవరాలికి మూర పూలు కొనిచ్చి వచ్చేశాను.

మీకు చెప్పాను. ఆ మాట స్వామిది కాదు. దేవుడిదీ కాదు. నాది.